పొత్తు నేల

సోమవారం పొద్దున బంట్రోతు తెచ్చి బల్ల మీద పెట్టిన కవర్లో ఒకే ఒక్క కాగితం ఉంది. మడతల వెంట చిరిగిపోతున్న ఆ కాగితానికి ఎవరో ఎప్పుడో వెనకవైపు పల్చటి గుడ్డ అతికించారు. పాతరాతలావిడ వెంటనే దాన్ని ముట్టుకోలేదు. ముందు కిటికీ మూసింది. ఫ్యాను ఆపింది. చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. ఆ తర్వాత కాగితం కిందికి ఒక అట్టముక్క దూర్చి, మెల్లగా లేపి దీపం కిందికి జరుపుకుంది.

భూముల తగాదాలు విచారించే ఆ ఆఫీసులో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. అందరికీ ఆమె పాతరాతలావిడే. తాతముత్తాతల కాలం నాటి దస్తావేజులు, ఒకదాన్నొకటి పట్టుకుని సాగిపోయే గొలుసుకట్టు రాతలు చదివి, ఇప్పటివాళ్ళకు అర్థమయ్యేలా తిరగరాసివ్వడం ఆమె పని. ఇరవయ్యారేళ్ళుగా అదే పని, అదే బల్ల.

ఈ కాగితంలో ఉన్నవి నాలుగే వాక్యాలు. మొదటి మూడింట్లో సరిహద్దులు చెప్పారు. నాలుగోది ఇలా ఉంది: ‘చక్రపు గుంజ మొదలు కొస గుంజ దాకా గల యీ నేల తాళ్ళు పేనేవాళ్ళ పొత్తు.’ కింద ఒక ముద్ర, రెండు నిశానీలు. అంతే.

ఆమె దాన్ని శుభ్రంగా తిరగరాసి విచారణాధికారి గదిలోకి తీసుకెళ్ళింది. ఆయన మర్యాదస్తుడు. బల్ల మీద పెన్సిళ్ళన్నీ ఒకే పొడవు ఉండేలా చెక్కించుకుంటాడు. తనకన్నా వయసులో పెద్దవాళ్ళు ఎవరొచ్చినా కుర్చీలోంచి కొంచెం లేస్తాడు.

“రాత కష్టమైందా మేడమ్?”

“లేదండి. దస్తూరి బాగుంది.”

“రాత సంగతి కాదు, ఆ చివరి మాట సంగతి చెప్పండి. కేసంతా దాని మీదే నిలబడింది.” ఆయన ఫైలు తెరిచాడు. “గిడ్డంగుల కంపెనీవాళ్ళు ఏమంటున్నారంటే, ఆ నేలకు యజమానే లేడు, కాబట్టి అది సర్కారుది, మాకు లీజుకివ్వండి అని. పొత్తంటే కలిసిమెలిసి ఉండటమే, అది హక్కెలా అవుతుంది అంటున్నారు. తాళ్ళవాళ్ళేమో అది మాది అంటున్నారు. ఎలా మీదయ్యా అంటే ఈ కాగితం చూపిస్తున్నారు.”

టీ గ్లాసులు తీయడానికి వచ్చిన బంట్రోతు ఊరుకోలేక, “పొత్తంటే ఏముందండీ, ఎన్నికల ముందు పెట్టుకుంటారు, ఎన్నికలవగానే తెంచుకుంటారు” అన్నాడు.

అధికారి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. కానీ బయటికి వస్తుంటే ఆయన వెనక నుంచి చెప్పిన మాట ఆమెకు నవ్వు రానివ్వలేదు.

“గురువారం విచారణ. అర్థం రాసే ఫారంలో మూడు లైన్లుంటాయి, ఆ మూడింట్లో సర్దండి. మీరేం రాస్తే నేను అదే తీసుకుంటాను.”

ఇరవయ్యారేళ్ళలో ఆమె చదివి పెట్టిందే తప్ప తేల్చి చెప్పింది ఎప్పుడూ లేదు. తేల్చేవాళ్ళు వేరే గదుల్లో ఉండేవాళ్ళు.

ఆ సాయంత్రం దాకా ఆఫీసు నిఘంటువులు ముందేసుకుని కూర్చుంది. ఒకదాంట్లో పొత్తు అంటే స్నేహం, కూడిక. ఇంకోదాంట్లో పాలుపంచుకోవడం. అట్టలూడిపోయిన మూడోదాంట్లో, అన్నిటికన్నా పాతదాంట్లో, కలిసి కూర్చుని తినడం అని ఉంది. అదే పేజీలో నాలుగు వరసల కింద పొత్తిళ్ళు ఉన్నాయి, పసిబిడ్డను చుట్టే మెత్తటి గుడ్డలు. ఒకే పేజీలో పక్కపక్కన ఉన్నంత మాత్రాన మాటలు చుట్టాలైపోవని ఆమెకు తెలుసు. ఈ రెంటికీ ఏ చుట్టరికం ఉందో రాసినవాళ్ళు చెప్పలేదు. అయినా ఆ పేజీ మూయబుద్ధి కాలేదు. ఎవరో ఎప్పుడో కలిసి తినడానికి వాడుకున్న మాట నేల మీదికి ఎలా వచ్చింది? ఒక నేలను చూపించి, ఇది మా కంచం అన్నట్టుగా అనడానికి వాళ్ళకు ఏ అవసరం వచ్చింది?

తర్వాత ఉమ్మడి అనే మాట కూడా తీసి చూసింది. ‘పంచుకోనిది’ అని ఉంది. పెన్సిల్‌తో కాగితం ముక్క మీద ఆ మాట రాసుకుంది.

మంగళవారం ఆమె సెలవు పెట్టకుండా, ఎవరికీ చెప్పకుండా ఆ నేల చూడటానికి వెళ్ళింది.

పాత బస్సుల షెడ్డు వెనక, రెండు ఎత్తయిన గోడల మధ్య ఉందది. పన్నెండు అడుగుల వెడల్పు, మూడు వందల అడుగుల పొడవు. ఆ చివర నిలబడిన మనిషి ఈ చివర నుంచి వేలంత కనబడుతున్నాడు. నేల మధ్యలో, మనుషులు నడిచి నడిచి గట్టిపడిన చోట, దారి నున్నగా మెరుస్తోంది. గాలి నిండా నార దుమ్ము. అడుగుపెట్టగానే ఆమెకు తుమ్ములొచ్చాయి.

“అలవాటు లేనోళ్ళందరూ తుమ్ముతారు. రా అమ్మాయ్, ఇటు గాలివాటుకి రా” అంది చక్రం దగ్గర కూర్చున్న అవ్వ.

అవ్వ కుడిచేత్తో చక్రం తిప్పుతూనే ఉంది. చక్రం పై చట్రానికి ఆరు కొక్కేలున్నాయి. ఒక మగమనిషి దువ్విన నార నడుముకు దిండులా చుట్టుకుని వచ్చి, కొస లాగి కొక్కేనికి తగిలించి, వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. తల తిప్పి చూడటం లేదు. నడుము దగ్గర ఒక చెయ్యి నార వదులుతోంది, రెండో చేతిలో తడిగుడ్డ పోగును నిమురుతోంది. చక్రం తిరిగేకొద్దీ నారకు పురి ఎక్కి, అతనికీ చక్రానికీ మధ్య పోగు పొడుగవుతోంది. అతని పక్కనే ఇంకో పోగుతో ఒక పొడుగాటి ఆడమనిషి, ఆమె పక్కన ఇంకొకరు, అందరూ వెనక్కే నడుస్తున్నారు.

“వాడు మా అల్లుడు. ఆమె పొడుగక్క. మొత్తం ఇరవైరెండు మందిమి” అంది అవ్వ.

పాతరాతలావిడ ఆఫీసు పేరు చెప్పింది. కాగితం సంగతి చెప్పింది. తాను ఎవరి తరఫునా రాలేదని, మాట అర్థం తెలుసుకోవడానికే వచ్చానని చెప్పింది. అవ్వ తలూపింది, చక్రం ఆపలేదు.

“ఈ నేల ఎవరిదవ్వా?”

“మాది.”

“అందులో నీది ఎంత?”

“నాదెంతేంటి?”

“అంటే, నీ వాటా.”

అవ్వకు ఈ ప్రశ్న ఎంత వింతగా ఉందంటే మొట్టమొదటిసారి చక్రం నెమ్మదించింది. “అల్లుడూ! ఈవిడ నా వాటా ఎంతంటోంది!” అని కేక పెట్టింది.

సగం దూరంలో ఉన్న అల్లుడు నడక ఆపకుండానే, “నా వాటా నడుంనొప్పని రాసుకోమను!” అని అరిచాడు. వరసంతా నవ్వింది. పోగులు సన్నగా ఊగాయి.

“చూడమ్మాయ్,” అంది అవ్వ, చక్రం మళ్ళీ వేగం అందుకున్నాక, “తాడుకి ఈ కొస నుంచి ఆ కొస దాకా కావాలి. నూట యాభై అడుగులు నీవి, నూట యాభై నావి అంటే నువ్వూ పేనలేవు, నేనూ పేనలేను.”

“ఎవరైనా పని మానేస్తే?”

“మానేస్తారు. వచ్చి కూర్చుంటారు, కబుర్లు చెబుతారు. నేల మీద మాట మాత్రం ఉండదు.”

“కొత్తవాళ్ళు వస్తే?”

“నార చుట్టుకుని నాలుగు నెలలు నడిస్తే వాళ్ళదీ అవుతుంది. ఈ పొడుగక్క ఎక్కడి నుంచో వచ్చింది. మాకేం చుట్టమా? ఇప్పుడు నా కన్నా తనదే ఎక్కువ. నేను కూర్చునేదాన్ని, తను నడిచేది.”

పాతరాతలావిడ రాసుకుంటూనే ఉంది. నాలుగు పేజీలు రాసుకుంది. ఈలోగా పోగులు గుత్తులుగా కలిపి మూడు పేటలు చేశారు. పేటల మధ్య మూడు గాట్లున్న కొయ్య ముక్క దూర్చి, దాన్ని పట్టుకుని ఒకతను ముందుకు నడుస్తుంటే, అతని వెనక మూడు పేటలూ ఒకదాన్నొకటి కావలించుకుని తాడైపోతున్నాయి. కొస గుంజ దగ్గర రాళ్ళు పేర్చిన చెక్కబండి ఒకటి ఉంది. పురి ఎక్కేకొద్దీ తాడు బిగుసుకుని కురచవుతుంటే, ఎవరూ లాగకుండానే ఆ బండి నేల మీద గరగరమంటూ ముందుకొస్తోంది.

“మూడు వందలతో మొదలుపెడితే రెండు వందలు మిగులుతుంది. అంతకన్నా పొట్టి తాడైతే పడవలవాళ్ళు ముట్టుకోరు. ముడేసి ఇస్తామంటే ఊరుకుంటారా?” అంది అవ్వ.

తర్వాతి తాడుకు మళ్ళీ పోగులు తీస్తుండగా మధ్యలో ఒకటి టప్పున తెగింది. పొడుగక్కది. తెగిన కొస కొరడాలా వెనక్కి వచ్చి అల్లుడి చెవికి తగిలింది.

“చేతగాకపోతే ఇంట్లో కూర్చోవాలి!” అని అతను గట్టిగా అరిచాడు. “రేపట్నుంచి రాకు. నిన్ను పెట్టుకోమని ఇక్కడెవరూ ఏడవట్లేదు!”

పొడుగక్క తెగిన రెండు కొసలూ దగ్గర పెట్టి, నార కొంచెం పీకి, అరచేతుల మధ్య నలిపి అతికించడం మొదలుపెట్టింది. వేళ్ళు వణుకుతున్నాయి.

“వాడి నోరంతే. కాసేపటికి తనే వచ్చి మంచినీళ్ళు ఇస్తాడు” అంది అవ్వ.

అతను నిజంగానే వచ్చి నీళ్ళు ఇచ్చాడు. కానీ అప్పటికి పాతరాతలావిడ పుస్తకం మూసేసి బయల్దేరిపోయింది. బస్సు ఎక్కాక కూడా ఆ వణికే వేళ్ళే ఆమెకు కనబడుతున్నాయి. రేపు ఈ నేల వీళ్ళదే అని తేలితే, వీళ్ళలో నోరున్నవాడు నోరులేనిదాన్ని బయటికి నెట్టేస్తే ఎవరు అడుగుతారు?

బుధవారం సాయంత్రం ఇంట్లో వంటగది బల్ల దగ్గర కూర్చుని ఆమె ఫారం రాసింది. రాసింది అనడం కన్నా కొట్టేసింది అనడం నిజం. నాలుగు పేజీలు పేజీన్నర అయింది, పేజీన్నర పది లైన్లయింది. భర్త ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. ఆయన ముప్ఫయ్యేళ్ళు ప్రెస్సులో అక్షరాలు కూర్చిన మనిషి.

“మూడు లైన్లంటే తొంభై అక్షరాలు. వంద పట్టించొచ్చేమోగానీ ముద్దముద్దగా ఉంటుంది” అన్నాడు ఆయన, ఫారం వైపు ఓరగా చూసి.

ఆమె చదివి వినిపించింది: “పొత్తు: ఆ పని చేసేవారందరికీ సమానంగా చెందిన ఉమ్మడి నేల.”

“సమానంగా అని ఉందా కాగితంలో?”

“లేదు.”

“మరి?”

“అక్కడ ఒకామె ఉంది. ఈ మాట లేకపోతే ఆమెని తోసేస్తారు.”

ఆయన ఒక కాయ తుంచి, పీచు తీసి, గిన్నెలో వేశాడు. “అడిగినదానికి జవాబు రాసి ఊరుకోవాలి. అచ్చులో కూడా అంతే. రచయిత ఒక మాట మర్చిపోయాడు కదా అని మనం చేర్చామనుకో, తప్పు మన మీదికొస్తుంది.”

“తప్పయితే రానీ” అంది ఆమె.

ఇంకో లైను ఖాళీగా ఉంది. పంచరానిది అని రాద్దామా అని ఆమె చాలాసేపు ఆలోచించింది. అదీ కాగితంలో లేదు. రెండు మాటలు సొంతంగా చేర్చడం మరీ ఎక్కువనిపించింది. పైగా ఉమ్మడి అన్నాక పంచుకోనిదనే కదా, నిఘంటువులోనే ఉంది. ఉన్న మాటకే మళ్ళీ కాపలా ఎందుకు? ఆమె సంతకం పెట్టి, ఫారం మడవకుండా ఫైల్లో పెట్టుకుంది. ఆ రోజు ఆమెకు తన పని మీద, చాలా ఏళ్ళ తర్వాత, ఇష్టం లాంటిది కలిగింది.

గురువారం విచారణ గదిలో కుర్చీలు చాలలేదు. తాళ్ళవాళ్ళు ఇరవైరెండు మందీ వచ్చారు. చాలామంది గోడల వెంట నిలబడ్డారు. ఉతికిన బట్టలు కట్టుకున్నారు గానీ, ఆ బట్టల్లో కూడా ఎక్కడో నార ఉన్నట్టుంది, గదిలో ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు. గిడ్డంగుల కంపెనీ తరఫున ఒక లాయరు, ఆయన వెనక ఫైళ్ళు మోసే గుమాస్తా ఉన్నారు.

అధికారి ఆమె రాసిన అర్థం గట్టిగా చదివాడు. చదివి లాయరు వైపు చూశాడు. పాతరాతలావిడ రాత్రంతా నిఘంటువుల పేజీ నంబర్లు బట్టీపట్టి వచ్చింది. లాయరు ఏ అడ్డుప్రశ్న వేసినా చెప్పగలదు.

లాయరు లేచాడు. “ఈ అర్థం మీద మాకేమీ అభ్యంతరం లేదండి” అన్నాడు.

“అంటే ఇది వాళ్ళ ఆస్తి అని మీరు ఒప్పుకుంటున్నారా?”

“పూర్తిగా. మేడమ్ చాలా స్పష్టంగా రాశారు. అందరిదీ, సమానంగా. ఆ ప్రకారమే ఉత్తర్వు ఇప్పించమని కోరుతున్నాం. ఎవరి భాగం వాళ్ళకి కొలిచి, ఎవరి పట్టా వాళ్ళ పేరున ఇవ్వడం న్యాయం. కావాలంటే సర్వే ఖర్చు మా కంపెనీ పెట్టుకుంటుంది.”

అధికారి మొహం విప్పారింది. ఎడతెగని తగాదా ఇంత చక్కగా తెగిపోతుందని ఆయన అనుకోలేదు. అప్పటికప్పుడే ఉత్తర్వు చెప్పి రాయించాడు. నేల తాళ్ళు పేనేవాళ్ళదే. మూడు వందల అడుగులు, ఇరవైరెండు మంది. తలా పదమూడు అడుగుల చిల్లర. చీటీలు తీసి ఎవరి ముక్క ఎవరిదో తేలుస్తారు. శనివారం సర్వే.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత గోడ దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. గది గదంతా అందుకుంది. ఒక ముసలాయన ఏడుస్తున్నాడు. పొడుగక్క పక్కవాళ్ళని, “పట్టా అంటే పేరు రాసి ఇస్తారా? నాది కూడా?” అని అడుగుతోంది.

అవ్వ మాత్రం కుర్చీలోంచి లేచి, బల్ల దాకా వచ్చి, “అయ్యా, మరి తాడు ఎక్కడ పేనాలి?” అంది.

చప్పట్లలో అధికారికి వినబడలేదు. “సంతోషం అవ్వా, సంతోషం” అని చెయ్యెత్తి దండం పెట్టాడు.

అవ్వ మాట వినబడిన మనిషి గదిలో ఒకరే ఉన్నారు. పాతరాతలావిడ తాను రాసిన ఫారం వైపు చూసింది. అది అధికారి చేతి కింద, ముద్ర వేసి ఉంది.

శుక్రవారం పొద్దున ఆఫీసు తెరవకముందే ఆమె అధికారి గది బయట నిలబడింది.

“నేను రాసిన దాంట్లో ఒక పొరపాటుందండి. సరిదిద్దుకోవాలి.”

“కూర్చోండి మేడమ్. ఏం పొరపాటు?”

“ఉమ్మడి అంటే పంచనిది. పంచితే అది పొత్తే కాదు. ఆ నేల ముక్కలైతే ఇరవైరెండు మందిలో ఒక్కరు కూడా తాడు పేనలేరు.”

“ఉమ్మడి కుటుంబాలు పంచుకోవట్లేదా? మా అన్నదమ్ములం పంచుకున్నాం, సుఖంగా ఉన్నాం. సరే, పంచనిది అనుకుందాం. మరి సమానంగా అని ఎందుకు రాశారు? వాటాలు లేకుండా సమానం ఎలా అవుతుంది? సమానమన్నాక ఎంతకెంత అనేది ఉండాలి కదా.”

ఆయన ఎగతాళి చేయడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

“పంచరానిది అని రాయాల్సింది,” అంది ఆమె.

“ఎందుకు రాయలేదు?”

“కాగితంలో లేదు కాబట్టి.”

“సమానంగా అని ఉందా కాగితంలో?”

అధికారి పెన్సిలొకటి తీసి, మిగతావాటి పక్కన సరిగ్గా పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. “ఈ మాట ఇంకెక్కడా అనకండి. లేని మాట చేర్చానని మీరే చెబితే ఆ అర్థం మొత్తం చెల్లదు. అర్థం చెల్లకపోతే నేల సర్కారుదవుతుంది, సర్కారు రేపే లీజుకిస్తుంది. ఇప్పుడు కనీసం వాళ్ళ చేతిలో ఒక కాగితం అయినా ఉంటుంది. మీరు వాళ్ళకి మేలే చేశారు. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి.”

శనివారం ఆమె మళ్ళీ బస్సెక్కి ఆ నేల దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి ఏం చేయాలో తెలియదు. సర్వేవాళ్ళు అప్పటికే గొలుసు పరిచి, నున్నటి దారి మీద పదమూడు అడుగులకొక రాయి పాతుతున్నారు. ఇన్నేళ్ళ అడుగులకు గట్టిపడిన నేల గునపానికి లొంగడం లేదు. దెబ్బ వేసినప్పుడల్లా నిప్పురవ్వలు లేస్తున్నాయి. అల్లుడు చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

“నాది మూడో ముక్క. ఇందులో పడుకుంటే కాళ్ళు చాపుకోవచ్చు. కూర్చుంటే బూట్ల తాళ్ళు పేనుకోవచ్చు” అన్నాడు ఆమెతో.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“ముక్కలైనా మీలో మీరు మాట్లాడుకుని, ఎప్పట్లాగే అందరూ అన్ని ముక్కల మీదా నడవొచ్చు కదా?” అంది ఆమె. రాత్రంతా ఆలోచించుకుని వచ్చిన మాట అది.

“అదే అనుకున్నామమ్మా. నిన్న రాత్రే ఒట్లేసుకున్నాం. ఎవరూ అమ్మకూడదని, ఎవరూ కంచె వేయకూడదని.” అతను గొలుసు పట్టుకున్నవాళ్ళ వైపు చూశాడు. “ఇరవైరెండు మంది మాట మీద నిలబడాలి. కంపెనీవాళ్ళకి ఒక్కరు తప్పితే చాలు.”

అవ్వ చక్రం దగ్గరే కూర్చుని ఉంది. చక్రం తిరగడం లేదు. పాతరాతలావిడ వెళ్ళి పక్కన కూర్చుంది. తప్పు తనదని, ఆ ఒక్క మాట తాను చేర్చిందేనని మొత్తం చెప్పింది. ఎందుకు చేర్చిందో కూడా చెప్పింది. అవ్వ అంతా విని, “నువ్వు పొడుగక్క కోసం రాశావా?” అంది.

“అవును.”

“ఆ మాట తనకి చెప్పకు,” అంది అవ్వ. “మోయలేదు.”

తర్వాతి బుధవారం మధ్యాహ్నం, భోజనాల వేళ అయ్యాక, పొడుగక్క ఆఫీసుకు వచ్చింది. బంట్రోతు తలుపు దగ్గరే ఆపితే, పాతరాతలావిడ లేచి వెళ్ళి లోపలికి తీసుకొచ్చింది. కుర్చీ వేసినా పొడుగక్క కూర్చోలేదు. రవికెలోంచి ప్లాస్టిక్ సంచి తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచింది.

“నీకు చదవడం బాగా వచ్చటగా అమ్మా. ఇది కూడా చదివిపెట్టు.”

కొత్త కాగితం. టైపు చేసిన అక్షరాలు. చదవడానికి దీపం కూడా అక్కర్లేదు. పదకొండో ముక్క, దాదాపు మధ్యలోది, గిడ్డంగుల కంపెనీకి రాసిచ్చిన కాగితం. కింద వేలిముద్ర పడి ఉంది. తేదీ నిన్నటిది.

“ఎందుకు వేశావు?” అని అడగకుండా ఉండలేకపోయింది ఆమె.

“ఇంటికి వచ్చారమ్మా. అందరూ సంతకాలు పెట్టేశారు, నువ్వొక్కదానివే మిగిలావు అన్నారు. అందరిదీ పోయాక నాదొక్కటే ఉండి ఏం చేసుకోను? ఆ రాత్రి ఒట్టు వేసినవాళ్ళందరూ నాకు చెప్పకుండా వెళ్ళి పెట్టొచ్చారేమో అనుకున్నా. కొత్తగా వచ్చినదాన్ని కదా, నాకెందుకు చెబుతారులే అనుకున్నా.” పొడుగక్క గొంతు మామూలుగానే ఉంది. “పొద్దున పనికి వెళ్తే తెలిసింది, ఇంకెవరూ పెట్టలేదట. నా ముక్క చుట్టూ ఇనప కంచె వేసేశారు. కాపలావాడు కుర్చీ వేసుక్కూర్చున్నాడు.”

“అల్లుడు ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు. నా మీద అరుస్తాడనుకున్నా. అరవలేదు. అందరూ ఆ కంచె దగ్గరికి వచ్చి నిలబడి చూసి వెళ్ళారు.” ఆమె కాగితం మీద వేలు పెట్టింది. “అయినా వాళ్ళు నాకు చెప్పారమ్మా, పని మానక్కర్లేదు, మీరందరూ మా ముక్క మీంచి ఎప్పట్లాగే నడుచుకోవచ్చు అని. ఆ మాట ఇందులో రాశామన్నారు. కాపలావాడికి చదువు రాదట. అది ఎక్కడుందో చూపించు, వేలు పెట్టి చూపిస్తాను వాడికి.”

పాతరాతలావిడ కాగితం దగ్గరికి లాక్కుంది. చదివింది. వెనక్కి తిప్పి చూసింది, ఖాళీగా ఉంది. మళ్ళీ మొదటి నుంచి, మాట మాటకూ వేలు జరుపుతూ చదివింది. పాత దస్తావేజుల్లో చెదలు తిన్న చోట కూడా ఏదో ఒక అక్షరం కొస మిగిలి ఉంటుంది, దాన్ని పట్టుకుని మాటను బయటికి లాగొచ్చు. ఇందులో లాగడానికి ఏమీ లేదు. సరిహద్దులు, నంబరు, ‘సర్వహక్కులతో’, వేలిముద్ర.

“లేదు,” అంది.

“ఇంకోసారి చూడమ్మా. చిన్న అక్షరాల్లో ఉందేమో.”

ఆమె ఇంకోసారి చూసింది. ఈసారి పైకి చదివింది, మొదటి మాట నుంచి చివరి మాట దాకా, పొడుగక్కకు వినబడేలా.

“అయితే అందరికీ నేనేనా అడ్డం?” అంది పొడుగక్క.

“నువ్వు కాదు. నేను.”

ఆ మాట నోరు జారి వచ్చింది. అవ్వ చెప్పవద్దన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి ఆమె ఆగిపోయింది. పొడుగక్కకు అర్థం కాలేదు. అవతలి మనిషి కళ్ళలో నీళ్ళు చూసి, తన కోసం బాధపడుతోందనుకుంది. బల్ల మీదుగా వంగి, నార కోసి కోసి గరుకైపోయిన చేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది.

“నువ్వేం చేశావమ్మా? నీ పుణ్యమా అని నాకూ ఒక పట్టా వచ్చింది. నాలుగు రోజులైతేనేం, నా పేరున ఉండింది. అందరితో సమానం అని నువ్వే రాశావట కదా. లాయరుగారు చెప్పారు.”

పొడుగక్క కాగితాన్ని అవే మడతల మీద మడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, రవికెలో దోపుకుంది. తలుపు దాకా వెళ్ళి ఆగింది.

“మా ఇల్లు ఆ నేలకి అవతలి గోడ వెనకే. రోజూ అటునుంచే వెళ్తాను.” ఆమె వరండా వైపు చూసింది. “ఇప్పుడు వాళ్ళందరూ అక్కడే కూర్చుని ఉంటారు. అటు కాకుండా ఇంకో దారుందా అమ్మా?”

పాతరాతలావిడకు ఆ పేటలోని పాత హద్దులన్నీ తెలుసు. కళ్ళు మూసుకుని సందు సందూ వెతికింది.

“షెడ్డు చుట్టూ తిరిగి, కాలవ దాటి వెళ్తే ఉంది. చాలా దూరం.”

“దూరమైతే ఏంలే” అంది పొడుగక్క.